కనబడని ఆస్తి: డెమాస్తనీసు పితృధన వివాదము

డెమాస్తనీసు పేరు వినగనే మన విద్యార్థులకు, నోట గులకరాళ్లుంచుకొని ఉపన్యాసము నభ్యసించిన నత్తివాని కథ జ్ఞప్తికి వచ్చును. ప్లూటార్కు వ్రాసిన జీవితచరిత్ర వలన ఆ కథ లోకమెల్ల వ్యాపించినది. కాని ఆ వక్త న్యాయస్థానమున తొలిసారిగా నోరు విప్పినది దేనికొరకో చెప్పువారు తక్కువ. మాసిడోనియా ప్రభువగు ఫిలిప్పు నెదిరించుట అప్పటికి చాల దూరపు మాట. తండ్రి చనిపోయిన పిదప సంరక్షకులు దిగమింగిన ఆస్తిని తిరిగి రాబట్టుకొనుటకై క్రీ.పూ. 364లో, ఇరువదేండ్ల ప్రాయమున, అతడు ఏథెన్సు న్యాయసభ యెదుట నిలిచెను. ఆ వివాదమునకు సంబంధించి అతని పేర ఐదు ప్రసంగములు నిలిచియున్నవి. మూడు ఆఫోబసు అను సంరక్షకునికి సంబంధించినవి. రెండు ఆఫోబసు బావమరదియగు ఒనెటోరుపై చేసినవి. ఆఫోబసు వివాదమునకు చెందిన మూడవ ప్రసంగము డెమాస్తనీసుదేనా యని కొందరు పండితులు శంకించిరి గాని, అందలి విషయములు తక్కిన వానితో పొసగుచునే యున్నవి.

వక్తృత్వ చరిత్రకారులు ఈ ప్రసంగములను బాల్యరచనలుగా నెంచి త్వరగా దాటిపోవుదురు. ఆర్థికచరిత్ర వ్రాయువారు అందలి అంకెలను మాత్రము ఏరుకొందురు. నాకు తోచినంతవరకు వీని విలువ వేరొకచోట నున్నది. కాగితము లేక, లెక్కల పుస్తకము లేక, మరణశాసనము ప్రతిపక్షుల చేతిలో నుండగా, ఒక అనాథ తన తండ్రి యెంత విడిచిపోయెనో ఎట్లు నిరూపించును? నిరూపించి గెలిచినను ఆ సొమ్ము చేతికి వచ్చునా? ఈ రెండు ప్రశ్నలకును ఇంత వివరముగా సమాధానమిచ్చు ప్రాచీన పత్రములు అరుదు.

తండ్రి పేరును డెమాస్తనీసే. పేయానియా అను గ్రామవిభాగమునకు చెందిన సంపన్నుడు. క్రీ.పూ. 376 ప్రాంతమున అతడు మరణించునప్పటికి కుమారునికి ఏడేండ్లు, కుమార్తెకు ఐదేండ్లు. మరణశయ్యపై నుండి అతడు ముగ్గురిని సంరక్షకులుగా నియమించెను. మొదటివాడు ఆఫోబసు, తన సోదరి కుమారుడు. రెండవవాడు డెమోఫోను, తన సోదరుని కుమారుడు. మూడవవాడు థెరిప్పిడీసు, చుట్టము కాడు, చిన్ననాటి స్నేహితుడు. వారు లోభమునకు లొంగకుండుటకై తండ్రి ముందుగనే వారికి లాభము చూపించెను. ఆఫోబసు వితంతువును 80 మినాల కట్నముతో వివాహమాడి ఆ యింటనే కాపురముండవలెను. డెమోఫోను, ఆ చిన్నపిల్ల యీడేరిన పిదప ఆమెను పెండ్లియాడవలెను. అందుకు 2 టాలెంట్లు వెంటనే పుచ్చుకొనవచ్చును. థెరిప్పిడీసు, పిల్లవాడు పెద్దవాడగువరకు 70 మినాల వడ్డీ ననుభవింపవచ్చును. 100 డ్రాక్మాలు ఒక మినా. 60 మినాలు ఒక టాలెంటు.

మన వరుసలు తెలిసినవారికి ఈ యేర్పాటు విపరీతముగా తోచును. మేనమామ భార్య మనకు అత్త, తల్లివంటిది. తండ్రి సోదరుని కుమారుడు అన్నయో తమ్ముడో యగును. ఏథెన్సు ఆచారమున ఇందు దోషము లేదు. ఆస్తి వంశమును దాటిపోకుండ కాపాడుటకు అది వారి పద్ధతి. తండ్రి లెక్క సరియైనదే. మనుష్యుల విషయముననే తప్పినది. ముగ్గురును తమకు విధించిన సొమ్మును వెంటనే పుచ్చుకొనిరి. ఆఫోబసు వితంతువును పెండ్లాడలేదు. ఆమెకు తిండి పెట్టనులేదు. నగల విషయమున ఆమెతో చిన్న తగవు కలదనియు, అది తీరినపిదప పోషింతుననియు చెప్పుచు వచ్చెను. డెమోఫోను ఆ పిల్లను పెండ్లాడలేదు.

పది సంవత్సరములు గడచినవి. క్రీ.పూ. 366లో డెమాస్తనీసు వ్యవహారజ్ఞుడై తన ఆస్తి నడుగగా వారప్పగించినవి: ఇల్లు, 14 మంది బానిసలు, 30 మినాల వెండి. అన్నియు కలిపి విలువ 70 మినాలు. తండ్రి విడిచినది దాదాపు 14 టాలెంట్లు, అనగా 840 మినాలని కుమారుని వాదము.

ఆ 14 టాలెంట్లు ఏ రూపమున నుండెనో చూచినచో అసలు చిక్కు తెలియును. మొదటిది కత్తులు చేయు కార్ఖానా. అందు 32 లేక 33 మంది బానిసలు. పలువురు ఒక్కొక్కరు 5, 6 మినాలు చేయుదురు, 3 మినాలకు తక్కువవాడు లేడు. ఏటికి ఖర్చులు పోను 30 మినాల రాబడి. రెండవది మంచములు చేయు 20 మంది బానిసలు. వీరు 40 మినాల అప్పునకు తాకట్టుగా వచ్చినవారు. ఏటికి 12 మినాలు. పిదప దాదాపు ఒక టాలెంటు వడ్డీకిచ్చిన సొమ్ము, నెలకు మినాకొక డ్రాక్మా చొప్పున, అనగా మన పల్లెలలో రూపాయి వడ్డీ యనునదే. ఇవి రాబడి తెచ్చు ఆస్తులు. ఇవిగాక దంతము, ఇనుము, మంచపు కలప 80 మినాలవి. రంగునకు వాడు మాచికాయయు, కంచును 70 మినాలవి. 30 మినాల ఇల్లు. సామానులు, గిన్నెలు, నగలు, తల్లి దుస్తులు కలిపి 100 మినాలు. ఇంట 80 మినాల వెండి. ఓడ వర్తకము మీద క్సూతసు అనువానికిచ్చినది 70 మినాలు. పాసియాను బ్యాంకియందు 24 మినాలు, పైలడీసు వద్ద 6, బంధువగు డెమోమెలీసు వద్ద 16. చేబదుళ్లుగా చిల్లర మొత్తములు కలిసి ఒక టాలెంటు.

ఈ జాబితాలో ఒక్క పుట్టి నేలయైనను లేదు. గ్రీకులు ఆస్తిని కనబడునది, కనబడనిది యని రెండుగా విభజించిరి. పొలము, ఇల్లు మొదటి తరగతివి. వెండి, అప్పు పత్రములు, బ్యాంకి నిలువలు, ముడిసరకు రెండవవి. తండ్రి సంపద యించుమించుగా రెండవ తరగతిది. పొలమైనచో ఇరుగుపొరుగు వారెల్లరును దాని గట్లకు సాక్షులు. ఓడపై పోయిన 70 మినాలకు సాక్షి యెవడు? సంరక్షకుల ధైర్యమునకు మూలమిదియే. వారు దొంగతనమున కంటె మౌనమునే ఎక్కువగా నమ్ముకొనిరి.

ఆస్తిలో లెక్కింపబడిన యేబది మందికి పైగా మనుష్యుల గూర్చి ఒక మాట. వారి వెల తెలియును, రాబడి తెలియును, పేర్లు తెలియవు. కార్ఖానా నడపిన మిల్యాసు ఒక్కడే పేరు గలవాడు. అతనిని హింసించి సాక్ష్యము తీయవలెనని ఆఫోబసు కోరెను. బానిసల సాక్ష్యమును హింసవలననే గ్రహించుట ఆనాటి న్యాయము. తండ్రి చనిపోవుచు అతనిని విముక్తుని చేసెననియు, స్వతంత్రుని హింసింప తగదనియు డెమాస్తనీసు నిరాకరించెను. మిల్యాసు స్వతంత్రుడని తన ఇద్దరు బిడ్డలపై ఒట్టు పెట్టుకొనుటకు తల్లి సిద్ధపడెను. స్త్రీకి న్యాయసభలో సాక్ష్యమిచ్చు హక్కు లేదు. కుమారుడు ఐదు ప్రసంగములలో ఎచ్చటను ఆమె పేరు పలుకలేదు; గౌరవనీయురాలగు స్త్రీని సభలో పేరు పెట్టి పేర్కొనుట మర్యాద కాదు. క్లియోబులే యను ఆమె పేరు తరువాతి గ్రంథముల వలననే తెలియవచ్చుచున్నది.

సాక్ష్య నిర్మాణమున ఆ యువకుని నేర్పు పరిశోధక విద్యార్థులు శ్రద్ధతో గమనింపదగినది. మరణశాసనమును సంరక్షకులు బయట పెట్టలేదు. అది యుండెనని నిరూపించుటకు అతడు వారి మాటలనే వారిపై ప్రయోగించెను. తనకు 80 మినాలు ముట్టెనని ఆఫోబసు తోడి సంరక్షకులకు వ్రాసి యిచ్చియుండెను. డెమోఫోను, థెరిప్పిడీసులును తమ భాగములు పుచ్చుకొన్నట్లొప్పుకొనిరి. శాసనము లేనిచో ఆ సొమ్ములను ఏ హక్కున పుచ్చుకొనిరి? ఉన్నచో దానిని సాక్షుల యెదుట ముద్రవేసి యేల దాచలేదు? ఒక్కొక్కడు తన భాగమునకు సరిపడు వాక్యమును మాత్రము జ్ఞప్తియందుంచుకొని తక్కినదానిని మరచిపోయినాడు. దొరికిన ముక్కలు కూర్చి నష్టమైన మూలమును పునర్నిర్మించు మన పాఠపరిష్కర్తల పని వంటిదే ఇది.

దీనికంటె బలమైన ఆధారము పన్ను. క్రీ.పూ. 378లో ఏథెన్సు యుద్ధపన్నునకై పౌరులను ఆస్తిని బట్టి సంఘములుగా ఏర్పరచెను. తమ మైనరు ఆస్తిని సంరక్షకులే 25 మినాలకు 500 డ్రాక్మాల చొప్పున, అనగా ఐదవ వంతు లెక్కన నమోదు చేయించిరి. అది అత్యధిక సంపన్నుల తరగతి. కోనాను కుమారుడగు టిమోథియసు సేనాని కూడ ఆ తరగతివాడే. 3 టాలెంట్లు మదింపు పడినదనగా ఆస్తి 15 టాలెంట్లు. పేరు ప్రతిష్ఠల కొరకో, రాజ్యమునకు వెరచియో నాడు పెంచి వ్రాయించిన అంకె పదేండ్లకు తిరిగి వచ్చి వారి మెడకు చుట్టుకొన్నది. పన్ను అధికారికి చెప్పినది నిజమైనచో వారసునికి 70 మినాలే యేల? అది అబద్ధమైనచో రాజ్యమును మోసగించితిరా? ఈ వాదమునకు జవాబు చెప్పుట కష్టము.

వివరములలోను అతడు వదలలేదు. కార్ఖానాను తొలి రెండేండ్లు తానే నడపియు ఆఫోబసు రాబడి యేమియు చూపలేదు. మంచములు చేయు బానిసల జాడయే లేదు. తండ్రి చెడ్డ తాకట్టునకు అప్పిచ్చి నష్టపోయెనని సంరక్షకులు చెప్పిరి. ఆ బానిసలనే నమ్మి 500 డ్రాక్మాలు అప్పిచ్చి పూర్తిగా వసూలు చేసికొన్నవాడు మరెవ్వడు గాడు, ఆఫోబసే! దంతము మిగులలేదన్నారు, కొన్నవారినే సాక్షులుగా తెచ్చి నిలువబెట్టెను. శాసనము చెప్పినట్లు ఆస్తిని కౌలున కిచ్చియుండినచో ఎంత పెరిగియుండునో చూపుటకు మరియొక అనాథ ఆస్తిని ఉదాహరించెను: యాంటిడోరసు అనువాని మూడున్నర టాలెంట్లు కౌలుమీద ఆరేండ్లలో 6 టాలెంట్లు దాటినవి.

ఇన్నిటికిని ఆఫోబసు చెప్పినది మనకు ప్రతిపక్షుని నోటనే తెలియును. అతని ప్రసంగము నశించినది. ఈ లోపమును విస్మరించి డెమాస్తనీసు అంకెలను అక్షరాలా స్వీకరించుట చరిత్ర కాదు. తాకట్టు బానిసలు తండ్రి సొంత సొత్తు కాకపోవచ్చును. ఓడ బేరపు సొమ్ము నిజముగనే మునిగిపోయి యుండవచ్చును. 14 టాలెంట్ల మొత్తము కొంత సాగదీసినదే యని నా యభిప్రాయము. ఐనను 70 మినాలకును దానికిని నడుమ గల అగాధము వాది నేర్పు వలన మాత్రమే పుట్టినది కాదు. ప్రతివాదుల సమాధానములే యిందుకు సాక్ష్యము. తండ్రి 4 టాలెంట్లు భూమిలో పాతిపెట్టి భార్య వశము చేసెనని ఆఫోబసు ఒకచో చెప్పెను. తల్లి తండ్రియగు గైలాను రాజ్యమునకు బాకీపడియుండెననియు, జప్తునకు వెరచియే ఆస్తిని బహిరంగముగా కౌలుకీయ వలదని తండ్రి కోరెననియు చివరిదినమున ఒక వాఙ్మూలము దాఖలు చేసెను. భార్యను అంతగా నమ్మినవాడు ఆమెను, ఆ ధనమును ఇతరుల కప్పగించునా యని మొదటి దానికి జవాబు. రెండవదానికి రెండవ ప్రసంగమున గాని సమాధానము చెప్పుట కవకాశము చిక్కలేదు.

వ్యాజ్యము వేయుటయే సాహసము. మైనరు ఆస్తిపై పర్యవేక్షణ ఏథెన్సున ఆర్కను అను అధికారిది. బాలుడు మైనరుగా నుండగా అన్యాయము జరిగినచో ఏ పౌరుడైనను అభియోగము తేవచ్చును; కాని ఎవ్వడును తేలేదు. పెద్దవాడైన పిమ్మట ఐదేండ్ల లోపల తానే వ్యాజ్యము వేయవలెను. బాలధనమును, బాలుడు గురుకులమునుండి తిరిగివచ్చువరకో బాల్యము గడచువరకో రాజే కాపాడవలెనని మనువు ఎనిమిదవ అధ్యాయమున విధించెను. కేతన విజ్ఞానేశ్వరీయమును తెనిగించుటతో తెలుగున ప్రవేశించిన ధర్మశాస్త్ర సంప్రదాయమునకు మూలము ఇట్టి స్మృతులే. అందు భారము రాజుది. ఏథెన్సున ఆచరణలో భారము దోపిడికి గురియైనవానిది. ఐదవవంతు ఓట్లయినను రానిచో కోరిన మొత్తములో ఆరవ వంతు తానే చెల్లింపవలెను. 10 టాలెంట్లకై వేసిన వ్యాజ్యమున ఆ దండన 100 మినాలు. చేతికి వచ్చిన ఆస్తి 70 మినాలే.

విచారణకు నాలుగైదు దినములు ముందు మరియొక యెత్తు వచ్చెను. యుద్ధనౌకా వ్యయమునకు నియుక్తుడైన ధనికుడు, తనకంటె ధనికుడని తలచినవానిని ఆ భారము వహింపుమనియో, లేదా ఆస్తులు మార్చుకొమ్మనియో కోరవచ్చును. థ్రసైలోకసు అనువాడు డెమాస్తనీసును అట్లు కోరెను. ఆస్తులు మారినచో వ్యాజ్యము లేనిదగును. హక్కు థ్రసైలోకసుదై, అతడు సంరక్షకులను వదలివేయును. థ్రసైలోకసు సోదరుడగు మెయిడియాసు ఇంట జొరబడి, ఇంకను బాలికయగు ఆ చెల్లెలి యెదుటనే దుర్భాషలాడెను. యువకుడు ఇల్లును, సామగ్రిని తాకట్టుపెట్టి 20 మినాలు చెల్లించి వ్యాజ్యమును నిలుపుకొనెను. వారసత్వ వివాదములందు ప్రవీణుడగు ఇసేయసు అతనికి గురువని ప్రసిద్ధి. ఆ గురువు మనకు మిగిల్చిన ప్రసంగములును ఇంచుమించుగా అన్నియు వారసత్వపు తగవులే.

మధ్యవర్తి ముందు ఆఫోబసు అంతకు ముందే ఓడియుండెను, న్యాయసభలోను ఓడెను. పిదప దండన నిర్ణయము. వాది కోరిన మొత్తము, ప్రతివాది ఒప్పుకొన్న మొత్తము, ఈ రెంటిలో ఒకదానినే న్యాయనిర్ణేతలు ఎన్నుకొనవలెను. నడిమి దారి లేదు. ఒనెటోరు లేచి కన్నీరు కార్చుచు, 1 టాలెంటుగా నిర్ణయింపుడని, దానికి తానే జామీను నుందునని వేడుకొనెను. సభ 10 టాలెంట్లు విధించెను.

పాఠ్యపుస్తకములలో కథ ఇచ్చట ముగియును. నిజమునకు కష్టము ఇచ్చట మొదలైనది. ఆఫోబసు బానిసలను తరలించెను, నీటితొట్టిని పగులగొట్టెను, ఇంటి తలుపులు ఊడబెరికెను. మెగారా నగరమునకు పోయి పరదేశివాసిగా పన్ను కట్టుచు స్థిరపడెను. డెమాస్తనీసు అతని పొలమును స్వాధీనము చేసికొనబోగా ఒనెటోరు వెళ్లగొట్టెను. ఆ పొలము తన సోదరి కట్నమునకు తాకట్టనియు, ఆఫోబసు ఆమెకు విడాకులిచ్చినందున ఆ కట్నము తనకు రావలెననియు అతని వాదము. పెండ్లి జరిగినది డెమాస్తనీసు వ్యవహారజ్ఞుడైన సంవత్సరముననే. విడాకులు వ్యాజ్యము నడచిన సంవత్సరముననే. కట్నము అసలు ఇయ్యనేలేదనియు, ఆ స్త్రీ నేటికిని ఆఫోబసుతోనే కాపురమున్నదనియు డెమాస్తనీసు సాక్ష్యము చూపెను.

అట్టికాలో తాకట్టుపడిన భూమిలో, ఋణదాత పేరును మొత్తమును చెక్కిన రాతిని నాటుట ఆచారము. ఇట్టి శిలలు పురావస్తు పరిశోధనలలో వందకు పైగా లభించినవి. ఒనెటోరు పొలమున ఒక టాలెంటునకును, ఇంటియందు 2000 డ్రాక్మాలకును రాళ్లు నాటెను. పిదప ఇంటిమీది రాతిని తీసివేసెను. కట్నము నిజముగా 80 మినాలైనచో ఆ రాతిని ఏల తొలగించెనని రెండవ ప్రసంగము ప్రశ్నించుచున్నది. తండ్రి ఆస్తి, రాయి నాటుటకు వీలులేని ఆస్తి కనుక దోచుకొనబడినది. దానికి బదులుగా దొరకిన భూమి, రాయి నాటియుండుటచే చేతికి రాకపోయినది.

ఒనెటోరుపై వ్యాజ్యము తీర్పు గ్రంథములలో నిలువలేదు. తండ్రి ధనములో స్వల్పభాగమైనను అతనికి దక్కలేదని ప్లూటార్కు వ్రాసెను. ఐనను క్రీ.పూ. 357 నాటికి డెమాస్తనీసు స్వచ్ఛందముగా యుద్ధనౌకా వ్యయము భరింపగలవారి వరుసలో నుండెను. తిరిగి వచ్చినదియో, ఇతరుల వ్యాజ్యములకు ప్రసంగములు వ్రాసి ఆర్జించినదియో, రెండును కలిసినవియో కావచ్చును. నేను రెండవదానికే ఎక్కువ బరువిత్తును. 2 టాలెంట్లతో డెమోఫోను పెండ్లాడవలసియుండిన చెల్లెలు పిదప లాకీసు అనువానికి భార్యయయ్యెను. వారి కుమారుడగు డెమోకారీసు క్రీ.పూ. 280లో ఏథెన్సు ప్రజాసభయందు ప్రతిపాదించి, మేనమామకు నగరమున కంచు విగ్రహము నిలిపించెను.